వికృతి స్వరమైన వేళ: రెండవ ప్రపంచ యుద్ధానంతర వాల్వు గిటార్ యాంప్లిఫయర్లు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి పదిహేనేళ్లలో అమెరికాలో తయారైన వాల్వు గిటార్ యాంప్లిఫయర్లు నేటికీ సంగీతకారుల వాడుకలో ఉన్నాయి. గిటారు ధ్వనిని మార్పు లేకుండా పెద్దది చేయడమే వాటి నిర్మాతల ఉద్దేశం. ఆ ఉద్దేశం నెరవేరని చోటనే గిటారుకు కొత్త గొంతు దొరికింది. ఫెండర్ సంస్థవారి 'డీలక్స్' నమూనాను ప్రధాన ఆధారంగా తీసుకొని, ఆ మార్పు విద్యుత్ వలయంలో ఎక్కడెక్కడ పుడుతుందో, వాద్యకారులు దానిని ఎలా స్వీకరించారో, ఆ పాత పెట్టెలను నేడు వాడుకలో ఉంచడంలో ఎదురయ్యే చిక్కులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వాల్వు, గిటార్ యాంప్లిఫయర్, ధ్వని వికృతి, అనుస్వరాలు, లియో ఫెండర్, డీలక్స్ 5ఇ3, మరమ్మతు.

1. ఉపోద్ఘాతం

1947 ఏప్రిల్, మే నెలల్లో 'వైర్‌లెస్ వరల్డ్' అనే బ్రిటిష్ పత్రిక డి. టి. ఎన్. విలియమ్సన్ రూపొందించిన ఒక యాంప్లిఫయర్ నిర్మాణ పద్ధతిని ప్రచురించింది. కెటి66 అనే వాల్వులతో 15 వాట్ల శక్తినిచ్చే ఆ యంత్రంలో ధ్వని వికృతి 0.1 శాతానికి మించదు. ఇంట్లో గ్రామఫోను వినేవారికి, రేడియో అభిరుచి కలవారికి అది చాలాకాలం ప్రమాణంగా నిలిచింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ పట్టణంలో ఒక రేడియో మరమ్మతుదారు గిటారు వాయించేవారికోసం చెక్కపెట్టెల్లో అమర్చిన చిన్న యాంప్లిఫయర్లు తయారుచేసి అమ్ముతున్నారు. వాటిలో మధ్యరకం నమూనా శక్తి కూడా ఇంచుమించు అంతే. వికృతి మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. మొదటిది ఇంజనీరింగ్ చరిత్రలో గౌరవనీయమైన అధ్యాయమైంది. రెండవది రానున్న అర్ధశతాబ్ది జనరంజక సంగీతానికి గొంతునిచ్చింది.

ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవడానికి 'వికృతి' అనే మాటను కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. యాంప్లిఫయర్‌లోనికి వెళ్లిన తరంగ రూపమూ, బయటికి వచ్చిన తరంగ రూపమూ ఒకటి కాకపోవడాన్ని ఎలక్ట్రానిక్స్ వికృతి అంటుంది. దానిని దోషంగా లెక్కిస్తుంది. కర్ణాటక సంగీత శాస్త్రంలో షడ్జ పంచమాలు ప్రకృతి స్వరాలు, తక్కిన అయిదూ వికృతి స్వరాలు. అక్కడ వికృతి అంటే భేదం పొందినదని అర్థమే తప్ప చెడినదని కాదు. తంబురా మెట్టుమీద తీగ కింద నూలుపోగు సవరించి, తీగ మెట్టును ఒరుసుకొంటూ అనుస్వరాలను పలికేట్లు చేయడం మన గాయకులకు తెలిసినదే. శుద్ధమైన తీగనాదంకన్నా ఆ ఒరిపిడితో కూడిన నాదమే వారికి కావలసినది. వాల్వు గిటార్ యాంప్లిఫయర్ కథ ఈ రెండవ అర్థానికి దగ్గరగా నడుస్తుంది.

2. రేడియో దుకాణం నుండి గిటారు పెట్టె దాకా

తీగకంపనాన్ని అయస్కాంతపు పికప్ ద్వారా విద్యుత్ సంకేతంగా మార్చే గిటార్లు 1930ల తొలినాళ్లలో, హవాయి గిటారు మోజు ఉధృతంగా ఉన్నప్పుడు, రికెన్‌బ్యాకర్ వంటి సంస్థలతో మొదలయ్యాయి. గిబ్సన్ సంస్థవారి ఇహెచ్-150 యాంప్లిఫయర్ ఆ దశాబ్దపు మధ్యకాలానిది. అయితే 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం పౌరుల వాడకానికి రేడియోల తయారీని నిలిపివేసింది. వాల్వులు, రాగి, అయస్కాంత లోహాలు అన్నీ యుద్ధానికే. 1945 తరువాత పరిస్థితి తలకిందులైంది. సైన్యం వదిలించుకొన్న విడిభాగాలు చౌకగా దొరికాయి. సైన్యంలో రేడియో పని నేర్చుకొన్న యువకులు ఊళ్లకు తిరిగివచ్చారు. నృత్యశాలలు, మద్యశాలలు కిటకిటలాడాయి. ఆ రద్దీలో మామూలు గిటారు ఎవరికి వినబడుతుంది?

లియో ఫెండర్ 1909లో జన్మించారు. చదివినది గణాంకశాస్త్రం కాదు, ఖాతాల లెక్కలు. 1938లో ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచారు. డాక్ కౌఫ్‌మన్‌తో కలిసి 1945లో 'కె అండ్ ఎఫ్' పేరిట హవాయి గిటార్లు, యాంప్లిఫయర్లు చేశారు; భాగస్వామి మరుసటి ఏడాది తప్పుకొన్నారు. గిటార్ల చరిత్రలో ఇంత పెద్ద పేరున్న ఈ మనిషికి గిటారు వాయించడం రాదు. ఆ లోటే ఆయనను వాద్యకారుల మాట వినేట్లు చేసిందని అనుకోవచ్చు. నమూనాలను స్థానిక వాద్యకారులకిచ్చి వాయించమనడం, ఏది చెడిపోయిందో చూసి మార్చడం ఆయన పద్ధతి. దుకాణానికి మరమ్మతుకు వచ్చే యంత్రాలను ఏళ్ల తరబడి విప్పిన అనుభవంతో, సులభంగా విప్పగలిగేట్లు, విడిభాగాలు తేలికగా మార్చగలిగేట్లు తన పెట్టెలను నిర్మించారు. డెబ్బై ఏళ్ల తరువాత కూడా అవి పనిచేయడానికి ఇది ముఖ్య కారణం.

1946 నుండి వచ్చిన తొలి నమూనాలు మెరుగుపెట్టిన గట్టి చెక్కవి. 1948 ప్రాంతంలో చెక్కపైన, ప్రయాణపు పెట్టెలకు వాడే ట్వీడ్ బట్ట వచ్చింది. ఈ బట్ట పేరే ఆ కాలానికి పేరైంది. విద్యుత్ వలయాలు ఆయన సొంత సృష్టి అనడం కష్టం. వాల్వు తయారీ సంస్థలు తమ సరుకు అమ్ముకోవడానికి ప్రచురించే కరదీపికల్లో ఇటువంటి పటాలు ఉండేవి. పెట్టె లోపలి వాల్వుల పట్టికపైనే ఏటీ అండ్ టీ, వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థల పేటెంట్లకు లోబడి తయారైనదన్న ప్రకటన కనిపిస్తుంది. షికాగోలోని వాల్కో, కాలమజూలోని గిబ్సన్ మొదలైనవారి యంత్రాలకూ మూలాలు ఆ సాధారణ విజ్ఞానంలోనే ఉన్నాయి.

3. వాల్వు వంపు తిరిగే చోటు

ఇంట్లో వాల్వు రేడియో చూసిన తరానికి, స్విచ్ వేసిన తరువాత అది 'వేడెక్కే' దాకా ఆగడం గుర్తుండే ఉంటుంది. ఆ వేడి కేథోడ్‌ది. గాలి తీసివేసిన గాజుగొట్టంలో కాలిన కేథోడ్ ఎలక్ట్రానులను వెదజల్లుతుంది. వందల వోల్టుల ధనావేశంతో ఉన్న ప్లేటు వాటిని లాక్కొంటుంది. రెండింటి మధ్య ఉండే సన్నని తీగచుట్ట గ్రిడ్. గ్రిడ్‌పై కొద్దిపాటి వోల్టేజి మారితే ప్లేటు ప్రవాహం బాగా మారుతుంది. గిటారు పికప్ నుండి వచ్చే వోల్టులో కొన్ని పదోవంతులు ఈ విధంగా పెరుగుతూ పోయి, చివరకు స్పీకర్‌ను కదిలించగల శక్తి అవుతాయి.

ఈ పెరుగుదల అన్నిచోట్లా ఒకే నిష్పత్తిలో ఉండదు. గ్రిడ్ బాగా ఋణావేశంలోకి వెళ్లినప్పుడు ప్రవాహం క్రమంగా సన్నగిల్లి ఆగిపోతుంది. కేథోడ్ కంటె ధనావేశంలోకి పోబోతే గ్రిడ్ తానే ఎలక్ట్రానులను మింగడం మొదలుపెడుతుంది. సంకేతం అక్కడ అణగిపోతుంది. ఈ రెండు హద్దుల మధ్య కూడా రేఖ పూర్తిగా సరళం కాదు, కొద్దిగా వంగి ఉంటుంది. అందువల్ల ఒకే వాల్వు ఉన్న దశలో తరంగపు పై సగం ఒక రకంగా, కింది సగం మరొక రకంగా వంగుతాయి. ఇటువంటి అసమానత నుండి ముఖ్యంగా రెండవ అనుస్వరం పుడుతుంది. అంటే వాయించిన స్వరాన్ని షడ్జం అనుకొంటే, దాని పైస్థాయి షడ్జం. రెండు వాల్వులు ఎదురెదురుగా తోసిపుచ్చుకొంటూ పనిచేసే చివరి దశ తనలో పుట్టిన సరిసంఖ్యల అనుస్వరాలను చాలావరకు రద్దుచేసి, బేసిసంఖ్యల వాటిని మిగుల్చుతుంది. మూడవది పైస్థాయి పంచమం, అయిదవది ఆపై స్థాయిలోని అంతర గాంధారం. ఇవన్నీ మూలస్వరానికి చుట్టాలే కనుక ధ్వని చెడినట్లు కాక చిక్కబడినట్లు వినబడుతుంది.

ఒకేసారి రెండు స్వరాలు వాయిస్తే సంగతి వేరు. వంగిన రేఖ గుండా పోయేటప్పుడు ఆ రెండు పౌనఃపున్యాల మొత్తమూ, తేడా కూడా కొత్త ధ్వనులుగా పుడతాయి. షడ్జ పంచమాల నిష్పత్తి 2:3. వాటి తేడా 1, అంటే మంద్రస్థాయి షడ్జమే. కాబట్టి ఆ జంట వికృతిలో మరింత గంభీరమవుతుంది. నిష్పత్తి అంత సరళంగా లేని స్వరాల గుంపును వాయిస్తే పుట్టే తేడా ధ్వనులు దేనికీ పొసగక రొదగా మారతాయి. రాక్ సంగీతంలో గిటారు వాద్యకారులు మూడు నాలుగు స్వరాల గుంపులను విడిచి షడ్జ పంచమాల జంటకు అలవాటుపడడంలో ఈ లెక్క పాత్ర చాలా ఉంది.

4. డీలక్స్ 5ఇ3: ఒక పెట్టె లోపల

ఫెండర్ వలయాల సంకేతాలలో మొదటి అంకె దశాబ్దాన్ని, అక్షరం సవరణను, చివరి అంకె నమూనాను సూచిస్తాయి. 5ఇ3 అంటే 1950ల నాటి డీలక్స్ నమూనాకు 'ఇ' సవరణ. 1955 నుండి 1960 వరకు ఇది తయారైంది. ముందు దశలో ఒక 12ఏవై7, తరువాత ఒక 12ఏఎక్స్7, చివర రెండు 6వి6లు, ఏకాంతర విద్యుత్తును ఏకముఖం చేయడానికి ఒక 5వై3, పన్నెండు అంగుళాల జెన్‌సన్ స్పీకరు. శక్తి సుమారు 12 నుండి 15 వాట్లు. ఇంతకంటె లోపల పెద్దగా ఏమీ లేదు. ఆ తక్కువతనమే గమనించదగినది.

విలియమ్సన్ యంత్రంలో వికృతిని అణచివేసిన సాధనం ఋణాత్మక పునర్నివేశం. స్పీకరు దగ్గరి సంకేతంలో కొంతభాగాన్ని వెనక్కి తెచ్చి, మూలంతో పోల్చి, తేడాను సవరించే ఈ పద్ధతిని బెల్ ప్రయోగశాలలో హెరాల్డ్ బ్లాక్ 1927లోనే కనిపెట్టారు. 5ఇ3లో అది లేదు. అందువల్ల శబ్దం పెంచుతూ పోయినకొద్దీ వికృతి మెల్లగా, గీత గీసినట్లు కాకుండా, పాకుతూ వస్తుంది. తీగను మృదువుగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా మీటితే గరుకెక్కుతుంది. గిటారుమీది వాల్యూమ్ తగ్గిస్తే మళ్లీ తేటపడుతుంది. వాద్యకారుడి వేళ్ల ఒత్తిడే మీట అవుతుంది. పునర్నివేశం బలంగా ఉన్న యంత్రంలో హద్దు దాకా అంతా శుద్ధమే; దాటగానే ఒక్కసారిగా విరుగుతుంది.

విద్యుత్ సరఫరా బలహీనత రెండవ కారణం. 5వై3 రెక్టిఫయర్ నిండుగా పనిచేసేటప్పుడు తనలోనే సుమారు 50 నుండి 60 వోల్టులు పోగొట్టుకొంటుంది. తీగను గట్టిగా మీటినప్పుడు చివరి దశ ఒక్కసారిగా ఎక్కువ ప్రవాహాన్ని కోరుతుంది. సరఫరా వోల్టేజి కుంగుతుంది. మీటిన దెబ్బ అణగుతుంది. స్వరం సన్నగిల్లుతున్నకొద్దీ వోల్టేజి తిరిగి లేస్తుంది. వినేవారికి స్వరం నిలిచి ఉన్నట్లు, వెనుకనుండి ఊపిరి పోసుకొన్నట్లు తోస్తుంది. రెండు 6వి6ల కేథోడ్లకు ఉమ్మడిగా ఉన్న 250 ఓమ్‌ల రెసిస్టర్ కూడా ఇందుకు తోడ్పడుతుంది: ప్రవాహం పెరిగితే దానిపై వోల్టేజి పెరిగి వాల్వులు తమను తామే కొంత అదుపు చేసుకొంటాయి.

మీటి వదిలే తంత్రీవాద్యానికి నాదం నిలవడం ఎంత అవసరమో తెలుగువారికి మరో దారిలో తెలుసు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎంచుకొన్నది ఒంటితీగలు గల విద్యుత్ మాండలిన్. నాదం త్వరగా ఆరిపోయే మామూలు జంటతీగల మాండలిన్ గమకానికి అంత అనువైనది కాదు. అక్కడ వాల్వుల ప్రసక్తి లేకున్నా, యాంప్లిఫయర్ వాద్యంలో భాగమైపోవడం మాత్రం సమానమే.

5ఇ3లో మరో విచిత్రముంది. రెండు చానళ్ల వాల్యూమ్ మరలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గిటారు తగిలించని చానల్ మరను తిప్పినా తగిలించిన చానల్ ధ్వని మారుతుంది. పాఠ్యపుస్తకం దృష్టితో ఇది పొదుపుకోసం చేసిన లోపం. వాద్యకారులు దానిని మూడవ మరగా వాడుకొంటారు. స్పీకరు బిగించిన పలుచని ప్లైవుడ్ పలక, వెనుక తెరిచి ఉన్న పైన్ చెక్కపెట్టె స్వయంగా కంపిస్తాయి. సెకనుకు సుమారు 5,000 కంపనాలకు పైన స్పీకరు పలుకు వేగంగా తగ్గిపోతుంది కనుక వికృతిలో పుట్టిన కీచుధ్వనులు గదిలోకి రావు. ఆ స్పీకరును తొలగించి అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా పలికే స్పీకరు పెడితే ఇదే యంత్రం భరింపరానిదవుతుంది.

5. నిర్మాత ఉద్దేశం, వాద్యకారుడి వినికిడి

ఈ ధ్వని ఫెండర్ కోరుకొన్నది కాదు. వెస్టర్న్ స్వింగ్ వాద్యకారులు ఆయనకు ఆప్తులు. వారు కోరినది పెద్దదైన, తేటయైన నాదం. ఆయన చేసిన సవరణలలో ఎక్కువభాగం ఆ దిశగానే సాగాయి. పెద్ద నమూనాలలో పునర్నివేశం చేరింది, బలమైన రెక్టిఫయర్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. ప్రతి సవరణా వికృతిని వెనక్కి నెట్టే ప్రయత్నమే. వాద్యకారులు మాత్రం మరను ఇంకొంచెం ముందుకు తిప్పారు.

1951 మార్చిలో మెంఫిస్ నగరంలో శామ్ ఫిలిప్స్ స్టూడియోకు ఐక్ టర్నర్ బృందం వచ్చింది. దారిలో గిటారు వాద్యకారుడు విల్లీ కిజార్ట్ యాంప్లిఫయర్ దెబ్బతిన్నది. ఎలా దెబ్బతిన్నదన్న విషయంలో కథనాలు వేరువేరుగా ఉన్నాయి. మరమ్మతుకు సమయం లేక, దెబ్బతిన్న స్పీకరు శంకువులో కాగితం కుక్కి రికార్డు చేశారు. గరగరలాడే ఆ గిటారు సాక్సఫోన్‌ను తలపించింది. ఫిలిప్స్ దానిని దాచలేదు, పాటలో ముందుకు తెచ్చారు. జాకీ బ్రెన్‌స్టన్ పేర వెలువడిన 'రాకెట్ 88' ఆ ఏడాది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది షికాగోలో లిటిల్ వాల్టర్ 'జ్యూక్' అనే రచనలో మౌతార్గాన్‌ను యాంప్లిఫయర్ గుండా పలికించారు. 1958లో లింక్ రే తన స్పీకర్లకు పెన్సిలుతో తూట్లు పొడిచి 'రంబుల్' వాయించారు. అందులో ఒక్క మాట కూడా లేదు. అయినా కొన్ని రేడియో కేంద్రాలు దానిని ప్రసారం చేయడానికి నిరాకరించాయి. కిజార్ట్‌కు ప్రమాదవశాత్తు దొరికినది, లింక్ రే నాటికి కోరి చేసుకొన్నదైంది.

బేస్ గిటారుకోసం ఫెండర్ చేసిన 'బేస్‌మన్' చరిత్ర దీనికి కొనసాగింపు. 1950ల చివరి 5ఎఫ్6-ఎ సవరణలో నాలుగు పది అంగుళాల స్పీకర్లు ఉన్నాయి. బేస్ వాద్యకారులకంటె గిటారు వాద్యకారులే దానిని ఎక్కువగా ఇష్టపడ్డారు. లండన్ శివారు హాన్‌వెల్‌లో డ్రమ్ముల దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్, 1962లో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి దాని వలయాన్ని దాదాపు యథాతథంగా తీసుకొని జెటిఎం45 తయారుచేశారు. దిగుమతి సరుకు ఖరీదు కనుక విడిభాగాలు క్రమంగా బ్రిటిష్‌వి అయ్యాయి. చివరి దశలో చేరినవి కెటి66 వాల్వులు, విలియమ్సన్ 0.1 శాతం వికృతి కోసం వాడినవే. గిటారు వాద్యకారులు వాటిని హద్దు దాటించి పలికించారు.

6. పాత పెట్టెను వాడుకలో ఉంచడం

ఈ యంత్రాల కాలనిర్ణయం శాసన పరిశోధనను తలపిస్తుంది. వాల్వుల పట్టికపై రెండక్షరాల ముద్ర ఉంటుంది: మొదటిది సంవత్సరం, 1951కి 'ఎ', రెండవది నెల. అంటే ఆరవ అక్షరం తరువాత అయిదవది ఉంటే 1956 మే. స్పీకరుపై 220తో మొదలయ్యే సంఖ్య జెన్‌సన్ తయారీని, తరువాతి అంకెలు ఏడాదినీ వారాన్నీ చెబుతాయి. చాసిస్ లోపల ఒక చిన్న అతుకు పట్టీపై వైర్లు కలిపిన స్త్రీ పేరు చేతిరాతతో కనిపించడం కద్దు. ఫుల్లర్టన్ కర్మాగారంలో ఈ పని ఎక్కువగా స్త్రీలదే. యంత్రాల పేర్లు తెలిసినంతగా వారి వివరాలు చరిత్రకెక్కలేదు.

కాలనిర్ణయానికి తోడ్పడే ఈ ఆనవాళ్లు మరమ్మతుకు అడ్డు వస్తాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు లోపలి ద్రవం ఎండి పనికిరాకుండా పోతాయి. హమ్మింగ్ పెరుగుతుంది, ఒక్కోసారి అవి పేలుతాయి కూడా. మైనం పూసిన కాగితపు కెపాసిటర్లు విద్యుత్తును కారనిస్తే తరువాతి వాల్వు గ్రిడ్‌కు ధనావేశం చేరి, చివరి వాల్వులు, వాటితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతాయి. సేకర్తకు అసలు భాగాలు కావాలి. వాయించేవారికి పనిచేసే యంత్రం కావాలి. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకరు ధ్వనిలో ఎక్కువ పాలు పంచుకొంటాయి కనుక వాటిని కాపాడి, ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్‌లను మార్చి, తీసినవాటిని సంచిలో వేసి పెట్టెతోపాటు ఉంచడం నిపుణులు పాటించే మధ్యేమార్గం. మాధ్యమం చెడితే ధ్వనీ చెడుతుంది. అసలుతనం పేర ఎండిన కెపాసిటర్‌ను కొనసాగిస్తే వినబడేది 1956 నాటి ధ్వని కాదు.

ఒక విషయంలో మాత్రం మధ్యేమార్గం లేదు. ఆనాటి యంత్రాలకు రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది, ఎర్తు తీగ లేదు. రొద తగ్గించడానికి మెయిన్స్ తీగ నుండి చాసిస్‌కు ఒక కెపాసిటర్ కలిపేవారు. అది షార్ట్ అయితే చాసిస్, దానితో గిటారు తీగలు ఇంటి కరెంటుతో కలిసిపోతాయి. ఆ స్థితిలో వాద్యకారుడు గిటారు పట్టుకొని, ఎర్తయిన మైకును పెదవులతో తాకితే ప్రవాహం ఒంటిగుండా పోతుంది. మరమ్మతుదారులు దానికి పెట్టిన పేరు 'మృత్యు కెపాసిటర్'. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో స్టోన్ ద క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్లీ హార్వే వేదికపై సరిగా ఎర్తు లేని మైకును తాకి మరణించారు. యాంప్లిఫయర్ మైకూ ఒకే నేలను పంచుకోకపోతే ఏమవుతుందో ఆ సంఘటన చూపింది. అత్యంత చౌకరకాల్లో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. వాల్వుల ఫిలమెంట్లను వరుసగా కలిపి నేరుగా మెయిన్స్‌కు తగిలించారు. అటువంటివి వేరుపరిచే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా వాడదగినవి కావు. తక్కినవాటికి మూడు పిన్నుల ప్లగ్గు అమర్చి, ఆ కెపాసిటర్‌ను తీసివేయవలసిందే. ప్లగ్గు పీకిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి కనుక, వాటిని రెసిస్టర్ ద్వారా ఖాళీచేసి, మీటరుతో సరిచూసుకోకుండా లోపల చేయి పెట్టరాదు.

అమెరికాలో ఆనాటి ఇంటి సరఫరా 110 నుండి 117 వోల్టులు. నేడు 120కి పైన. ఆ తేడా లోపల ప్రతి వోల్టేజిని అదే నిష్పత్తిలో పెంచి వాల్వుల ఆయువును తగ్గిస్తుంది. మన దేశంలో వాడాలంటే 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. 60 సైకిళ్ల సరఫరాకు చేసిన ట్రాన్స్‌ఫార్మరు మన 50 సైకిళ్ల సరఫరాపై మరింత వేడెక్కుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇక వాల్వుల సంగతి. వాటిని కనిపెట్టిన దేశాలలోని పెద్ద కర్మాగారాలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. నేడు గిటారు యాంప్లిఫయర్లకు అందే వాల్వులు ప్రధానంగా స్లొవాకియా, రష్యా, చైనాలలో తయారవుతున్నాయి. 2022లో రష్యా ఎగుమతులపై ఆంక్షలు ప్రకటించగానే ధరలు పెరిగి, కొన్ని రకాలు కొంతకాలం దొరకలేదు. 6వి6 వంటి 1930ల నాటి రకానికి ఇంకా కొత్త ఉత్పత్తి జరగడానికి గిటారు వాద్యకారుల గిరాకీయే ప్రధాన కారణం.